వయొలిన్ మానకు, ప్రోగ్రాములు ఆపు

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారం. మాది విజయనగరం. ఇంటర్ సెకండియర్ ఎంపీసీ చదువుతున్నాను, డేస్కాలర్ని. ఏడో ఏట నుంచి వయొలిన్ నేర్చుకుంటున్నాను. నేను వాయించేది మా తాతయ్య వయొలిన్. రోజూ ఉదయం 5 నుంచి 6 దాకా సాధన చేస్తాను. వారంలో రెండు సాయంత్రాలు మాస్టారింటికి పాఠానికి వెళ్తాను. కాలేజీ ఉదయం 7.30 నుంచి సాయంత్రం 6 దాకా. ఆదివారం వీకెండ్ టెస్టు. ఇంటికొచ్చాక రాత్రి 12 వరకు చదువుతాను. అక్టోబరులో విజయనగరం ఉత్సవాల్లో వాయించాను, తర్వాత వైజాగ్‌లో ఒక పోటీకి వెళ్లాను. ఒక్కోదానికి నాలుగేసి సాయంత్రాలు, రెండేసి గంటలు రిహార్సల్స్ చేశాం. ఆ నెలలో మార్కులు పడిపోయాయి. ఫిజిక్స్‌లో 25 ప్రశ్నలకి 9 తప్పులు. నన్ను మొదటి సెక్షన్ నుంచి రెండో సెక్షన్‌కి మార్చారు. నాన్న వయొలిన్‌ని పెట్టెలో పెట్టి అటకెక్కించమంటున్నారు, ఒక్క ఏడాదే కదా అంటున్నారు. మాస్టారేమో జనవరిలో త్యాగరాజ ఆరాధనకి పంచరత్న కృతుల గోష్ఠిలో కూర్చోవడమే కాకుండా విడిగా ఒక కొత్త కృతి వాయించాలన్నారు. ఆ నెలాఖర్లోనే జేఈఈ మెయిన్. నాన్నకి ఎదురు చెప్పలేను, మాస్టారికి కాదని చెప్పలేను. ఈమధ్య పడుకున్నా నిద్ర పట్టడం లేదు. వయొలిన్ సంగతి కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. ఈ సర్టిఫికెట్లు సీటుకి ఏమైనా ఉపయోగపడతాయా? నేనేం చెయ్యాలి?

— ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మాయీ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. నువ్వు గంటలన్నీ అంత వివరంగా రాశావు కాబట్టి కూడి చూద్దామనిపించింది. జూనియర్ కాలేజీలో 29 ఏళ్లు ఫిజిక్స్ చెప్పిన అలవాటు, లెక్క కనిపిస్తే వదలబుద్ధి కాదు.

రోజుకి గంట చొప్పున సాధన వారానికి 7 గంటలు. రెండు పాఠాలకి, రానూపోనూ కలిపి, 3 గంటలు వేసుకుందాం. మొత్తం 10. ఇది ఎప్పుడూ ఉన్నదే. ఫస్టియర్‌లోనూ ఉంది, అప్పుడు నువ్వు మొదటి సెక్షన్‌లోనే ఉన్నావు. ఇప్పుడు అక్టోబరు చూడు. ఉత్సవాలకి రిహార్సల్స్ 8 గంటలు, ఆ రోజు తయారవడం, స్టేజి వెనక మన వంతు కోసం కూర్చోవడం, వాయించడం, ఇంటికి చేరడం కలిపి ఓ 6 గంటలు. సిరిమానోత్సవం రోజుల్లో ఆ ఊళ్లో ఒక వీధి నుంచి ఇంకో వీధికి వెళ్లడానికి ఎంత సేపు పడుతుందో నాకు తెలుసు. పోటీకి మళ్లీ 8 గంటల రిహార్సల్, వైజాగ్ వెళ్లి రావడానికి ఒక రోజంతా. 60 కిలోమీటర్లే అయినా తెల్లవారుజామున బయల్దేరితే ఇల్లు చేరేసరికి రాత్రవుతుంది. దానికి 13 వేశాను. అన్నీ కలిపితే 35 గంటలు. రెండు రోజుల వాయిద్యానికి 35 గంటలు! ఆ మర్నాడు క్లాసులో కళ్లు మూతలు పడుతూ కూర్చున్న గంటలు ఇందులో కలపలేదు.

మీ నాన్నగారు తీసెయ్యమంటున్నది సాధనని. నీ అక్టోబరుని తినేసింది ప్రోగ్రాములు. రెండూ వయొలినే కాబట్టి ఇంట్లో వాళ్లకి ఒకటిగానే కనిపిస్తాయి, వాళ్ల తప్పేం లేదు. నువ్వు కూడా అలాగే చూస్తున్నావు. అందుకే వయొలినా, చదువా అని నలిగిపోతున్నావు. నేను చెప్పేది ఇది: ప్రోగ్రాములు, పోటీలు మే నెలలో ఎప్‌సెట్ అయ్యేదాకా పూర్తిగా ఆపెయ్. సాధన అరగంటకి తగ్గించు, ఒక్కరోజు కూడా మానకు.

ఎందుకు మానొద్దంటున్నానో చెప్తాను. వయొలిన్ వాయిస్తే లెక్కలు బాగా వస్తాయని నేను చెప్పను. అలాంటి మాటలు చెప్పి పిల్లల సరదాలకి పర్మిషన్లు తెచ్చుకోవడం నాకు నచ్చదు. రేపు లెక్కల్లో మార్కులు తగ్గితే అదే మాట నీ మీదికి తిరుగుతుంది. పదేళ్లుగా చేస్తున్న పని అది, అందుకు మానొద్దంటున్నాను. ఏడాది తర్వాత మళ్లీ మొదలుపెట్టడం వీణ్ని అడిగో వాణ్ని అడిగో తెచ్చుకునే నోట్సులా ఉండదు. ఎడమచేతి వేళ్ల కొసలు కొన్ని వారాల్లోనే మెత్తబడతాయి. గమకం పలికే చోటికి వేలు తనంతట తాను వెళ్లడం పోతుంది. శ్రుతి తప్పితే వెంటనే పట్టేసే చెవి కూడా బద్ధకిస్తుంది. అవన్నీ తిరిగి వస్తాయి, రావని కాదు. కానీ తిరిగి వచ్చేదాకా తన వయొలిన్ తానే వినలేక చాలామంది వదిలేస్తారు.

నా వల్ల జరిగినది ఒకటుంది. చాలా ఏళ్ల కిందట నా క్లాసులో కూచిపూడి నేర్చుకునే అమ్మాయి ఉండేది. త్రైమాసిక పరీక్షల్లో మార్కులు తగ్గితే వాళ్ల అమ్మగారు కాలేజీకి వచ్చి నన్ను సలహా అడిగారు. నేను రెండో ఆలోచన లేకుండా, ‘ఈ ఒక్క సంవత్సరం ఆపించండి’ అన్నాను. అమ్మాయి గోడవైపు చూస్తూ నిలబడింది, ఏమీ అనలేదు. బాగా చదివింది, మంచి సీటు వచ్చింది. పదేళ్ల తర్వాత ఒక పెళ్లిలో కనిపించింది. పిల్లని చంకనేసుకుని వచ్చి కాళ్లకి దణ్ణం పెట్టింది. డాన్స్ చేస్తున్నావా అని అడిగాను. ‘గజ్జెలెక్కడున్నాయో కూడా తెలీదు మేడమ్’ అంది. నవ్వుతూనే అంది. ఆ రోజు వాళ్ల అమ్మగారిని నేను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. వారానికి ఎన్ని గంటలు పోతున్నాయి, ఏ రోజుల్లో పోతున్నాయి, కొంచెం తగ్గిస్తే సరిపోతుందా, ఇవేవీ అడగలేదు. అందుకే నీ ఉత్తరం చదువుతూ పెన్సిల్ తీసుకున్నాను.

ఇంకో పక్క కూడా చూశాను. వాలీబాల్ బాగా ఆడే కుర్రాడు ఒకడు ఎవరికీ చెప్పకుండా సెలక్షన్లకి వెళ్లిపోయాడు. అదే రోజు వాడికి ప్రాక్టికల్స్. ముందుగా ఒక్క మాట చెప్పి ఉంటే వేరే బ్యాచ్‌లో వేయించడానికి ప్రయత్నించేవాళ్లం. చెబితే తిడతారని చెప్పలేదు. అందుకే, వయొలిన్ సంగతి కాలేజీలో ఎవరికీ చెప్పలేదన్న నీ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఒక్కరికి చెప్పు. మీ ఫిజిక్స్ సార్‌కో, క్లాస్ టీచర్‌కో, ఎవరు కాస్త నిదానంగా వింటారో వాళ్లకి. పర్మిషన్ అడగమని కాదు. నీకు రోజూ సాయంత్రం ఒక అరగంట పని ఉంటుందని తెలిసిన పెద్దవాళ్లు ఒకరు ఆ బిల్డింగులో ఉండాలి.

ఇప్పుడు నీ రోజు సంగతి. నువ్వు పన్నెండింటికి పడుకుని నాలుగున్నరకి లేస్తున్నావు. నాలుగున్నర గంటల నిద్ర! నీ వయసు పిల్లలకి 8 గంటలకి తక్కువ కాకూడదని డాక్టర్లు చెప్తారు. కాలేజీ పెట్టిన టైముల వల్ల అంత కుదరకపోవచ్చు, కనీసం ఏడు గంటలకి తగ్గకు. నీ 9 తప్పుల పేపర్ నేను చూడలేదు, కానీ నిద్ర చాలని పిల్లల పేపర్లు కట్టలకొద్దీ దిద్దాను. వాళ్లకి సూత్రం వచ్చు. కెపాసిటర్ల లెక్క తీసుకో. సూత్రం సరిగ్గా రాస్తారు, మైక్రోఫారడ్‌ని ఫారడ్‌లోకి మార్చడం మర్చిపోతారు. కటకాల లెక్కలో ఒక దూరం సెంటీమీటర్లలో, ఇంకోటి మీటర్లలో వేసేస్తారు. మైనస్ గుర్తు పై లైనులో ఉంటుంది, కింది లైనులోకి దిగేసరికి మాయమవుతుంది. అది చదవక వచ్చిన తప్పు కాదు. ఈ ఆదివారం ఆ పేపర్ ముందు పెట్టుకుని 9 తప్పుల్నీ మళ్లీ చెయ్యి, ఎవరి సాయం లేకుండా. పుస్తకం తియ్యకుండానే వచ్చేసినవి ఎన్నో, అస్సలు తెలియనివి ఎన్నో రెండు వరుసలుగా రాసుకో. మొదటి వరుస పొడుగ్గా ఉంటే నీకు కావలసింది నిద్ర. రెండో వరుస పొడుగ్గా ఉంటే ఏ చాప్టరో చూసుకుని ఆ చాప్టర్ చదువు. సెక్షన్ మారినందుకు ఏడుస్తూ కూర్చున్న సాయంత్రం కన్నా ఈ గంట నీకు ఎక్కువ చెప్తుంది.

సెక్షన్ సంగతీ ఒక మాట. బాధ ఉంటుంది, స్నేహితులు వేరే గదిలో ఉండిపోతారు, కొత్త బెంచీ, మధ్యాహ్నం డబ్బా ఎవరితో తినాలో తెలియదు. ఇంట్లో చెప్పుకోవడానికి సిగ్గు. కానీ సిలబస్ అదే, నువ్వు రాసే పరీక్షా అదే. డౌట్ అడిగితే నవ్వుతారేమో అని మొదటి సెక్షన్‌లో ఏడాదంతా నోరు విప్పని పిల్లల్ని నేను చూశాను. నువ్వు ఇక్కడ నోరు విప్పి అడుగు.

సాధన ఉదయం నుంచి తీసేసి సాయంత్రానికి మార్చు. తెల్లవారుజామున చెయ్యాలని మాస్టారు చెప్పే ఉంటారు, సంగీతానికి అది మంచి సమయమే. లెక్కలకి కూడా అదే మంచి సమయం. ఈ ఆరు నెలలూ ఆ సమయం లెక్కలకివ్వు. పది గంటలు కాలేజీలో కూర్చుని ఇంటికొచ్చిన పిల్లకి వెంటనే పుస్తకం తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి తప్ప లోపలికి పోవు. ఆ సమయంలో వయొలిన్ తియ్యి. ఆరున్నరకి ఇల్లు చేరితే, మొహం కడుక్కుని, ఏదైనా తిని, 6.45 నుంచి 7.15 దాకా వాయించు. స్నానం, అన్నం. 8 నుంచి 10.15 దాకా చదువు. పదిన్నరకి దీపం ఆర్పెయ్. 5.30కి లేచి ఆరుంబావు నుంచి గంటసేపైనా చదువుకుంటావు. అర్ధరాత్రి దాకా కూర్చునే గంటలు తగ్గుతాయి, నిజమే. ఆ చివరి గంటన్నరలో నువ్వు చదివినదేంటో మర్నాడు ఉదయం ఒక కాయితం మీద రాయగలవా అని ఒక్కరోజు చూసుకో, ఆ తర్వాత పదిన్నరకి పడుకోవడానికి నీకే భయం వెయ్యదు.

అరగంటలో ఏం వాయించాలో కూడా ముందే అనుకుంటే మంచిది, లేకపోతే అది ముప్పావుగంట అవుతుంది. ఒక పది నిమిషాలు సరళీ స్వరాలు, జంట స్వరాలు, కమాను పూర్తిగా లాగుతూ. ఒక పది నిమిషాలు వచ్చిన వర్ణం రెండు కాలాల్లో. మిగతా పది నిమిషాలు నీకు ఇష్టమైన పాత కృతి ఏదైనా. కొత్త కృతి మాత్రం పబ్లిక్ పరీక్షలు అయ్యేదాకా ఎత్తుకోకు. కొత్తది నేర్చుకుంటున్నప్పుడు అది ఆ అరగంటలో ఆగదు. ఇంటిగ్రేషన్ చేస్తుంటే వెనక చరణం తిరుగుతూనే ఉంటుంది. సంగీతం తెలిసిన నా విద్యార్థులు ఈ మాట నాకు చెప్పారు, నీకూ తెలిసే ఉంటుంది. వారానికి రెండు పాఠాలు ఒకటి చెయ్యి, ఆదివారం టెస్టు అయిపోయాక సాయంత్రం. పరీక్షలు జరిగే రోజుల్లో అరగంట పావుగంట చేసుకో.

ఇక ఆరాధన. పుష్య బహుళ పంచమి నాడు పంచరత్నాల్లో కూర్చోవడానికి నువ్వు కొత్తగా చెయ్యాల్సింది ఏమీ లేదు. పదేళ్లు నేర్చుకున్నదానివి, ఆ అయిదూ నీ చేతిలో ఉంటాయి. అందరూ కలిసి వాయించే గోష్ఠి. ఒక పూట పని. వెళ్లు. అది కూడా మానేస్తే ఆ పూట ఇంట్లో కూర్చుని నువ్వు చదవగలవని నేను అనుకోను. విడిగా వాయించమన్న కృతి మాత్రం ఈ ఏడు వద్దు. అది కొత్తది, దానికి డిసెంబరంతా పోతుంది. మెయిన్ రెండు విడతలు, జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి. రెండూ రాస్తే ఎక్కువ వచ్చిన స్కోరే లెక్క. అందుకని జనవరి విడత జీవన్మరణ సమస్య కాదు. కానీ జనవరిలో కాస్త బాగా రాసుకుంటే ఫిబ్రవరి, మార్చి నెలలు ప్రాక్టికల్స్‌కీ, పబ్లిక్ పరీక్షలకీ ప్రశాంతంగా ఇవ్వగలుగుతావు.

ఈ పబ్లిక్ పరీక్షల మాట ఎందుకు ఎత్తానంటే, కాలేజీల్లో జేఈఈ హడావిడిలో పిల్లలు ఇంటర్ మార్కుల్ని చులకన చేస్తున్నారు. మన ఆంధ్రలో ఎప్‌సెట్ ర్యాంకు కట్టేటప్పుడు ఇంటర్ గ్రూపు సబ్జెక్టుల మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉంది. తెలంగాణలో 2023లో ఆ వెయిటేజీ తీసేశారు, మనకి ఉంది. ఎన్ఐటీ, ఐఐటీ సీటు రావాలన్నా ఇంటర్లో 75 శాతం మార్కులు గానీ, బోర్డులో పై 20 పర్సంటైల్‌లో స్థానం గానీ ఉండాలి. రిజర్వేషన్ ఉన్నవాళ్లకి మార్కుల్లో కొంత సడలింపు ఉంటుంది. కాబట్టి సెకండియర్ లాంగ్ ఆన్సర్లు రాసి ప్రాక్టీసు చెయ్యడం టైం వేస్టు అని ఎవరైనా అంటే నమ్మకు. మెయిన్‌కీ, ఎప్‌సెట్‌కీ ఫస్టియర్ సిలబస్ కూడా ఉంటుంది కనుక పాత పుస్తకాలు ఇప్పుడే దించి పెట్టుకో. ఆదివారాలు టెస్టు అయ్యాక పాఠానికి వెళ్లేలోగా ఫస్టియర్ చాప్టర్ ఒకటి తిరగెయ్యడానికి టైం ఉంటుంది.

నువ్వు రాయలేదు గానీ, మెయిన్, ఎప్‌సెట్ కాక ఇంకా ఎన్నిటికి అప్లై చేశారు? బిట్‌శాట్, విట్, మరో రెండు మూడు ప్రైవేటు యూనివర్సిటీల పరీక్షలు చాలా ఇళ్లల్లో ఉంటాయి. నాన్నతో కూర్చుని ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇందులో సీటొస్తే నిజంగా చేరతామా? అంత ఫీజు కట్టలేమనో, అంత దూరం పంపమనో ఇప్పుడే తెలిసిన పరీక్ష రాయడం ఎందుకు? ఒక్కో పరీక్ష ఒక రోజునీ, దాని ముందు వారం పాటు నీ నిద్రనీ తీసుకుపోతుంది. ఇంట్లో తగ్గించుకోవలసిన బరువు ఏదైనా ఉందా అని చూసేటప్పుడు వయొలిన్ ఒక్కటే కనిపిస్తుంది, ఎందుకంటే దాని చప్పుడు బయటికి వినపడుతుంది. ఈ పరీక్షల చప్పుడు వినపడదు.

సర్టిఫికెట్ల సంగతి అడిగావు. సూటిగా చెప్తాను, ఆశ పెట్టుకోకు. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో ఎన్‌సీసీకి, ఆటలకి కొద్దిపాటి కోటా ఉంది, సంగీతానికి లేదు. ఐఐటీ మద్రాసు 2025-26 నుంచి లలిత కళల్లో ప్రతిభ ఉన్నవాళ్లకి ఒక్కో బీటెక్ కోర్సులో రెండేసి అదనపు సీట్లు పెట్టింది. దానికి కూడా జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత సాధించాలి, కళలో పెద్ద గుర్తింపులు ఉండాలి. నీకు ఆ రెండూ ఉంటే తప్పకుండా ప్రయత్నించు. లేకపోతే సీటు కోసం అని మాత్రం పోటీలకి తిరగొద్దు. ‘సర్టిఫికెట్ వస్తుంది కదా’ అనే మాట మీదే వైజాగ్ ప్రయాణాలు పడతాయి, అవి ఎంత తింటాయో పైన లెక్క చూశావు.

నాన్నగారి మాట. ఆయన్ని శత్రువుగా చూడకు. కూతురి సెక్షన్ మారిందని కాలేజీ నుంచి ఫోనొచ్చిన తండ్రికి ముందు భయం వేస్తుంది, ఆ భయంలో ఎదురుగా కనిపించిన వస్తువుని తీసెయ్యమంటాడు. ఈ కాయితం ఆయనకి చూపించు, ఆ 35 గంటల లెక్క దగ్గర వేలు పెట్టి చూపించు. గడువు పెట్టి అడుగు: ‘నాన్నా, ప్రోగ్రాములు మానేస్తాను. అరగంటే వాయిస్తాను. నాలుగు వీకెండ్ టెస్టులు చూడండి. మార్కులు లేవకపోతే పావుగంట చేస్తాను.’ ఇలా అడిగితే కాదనే తండ్రులు తక్కువ. నాలుగు టెస్టుల మాటిస్తే దానికి కట్టుబడి ఉండాలి సుమా. నాలుగోదాని మార్కులు దాచడం, ఇంకొక్క వారం అనడం వద్దు.

అటక గురించి కూడా ఆయనతో ఒక మాట చెప్పు. మూసిన పెట్టెలో, చీకట్లో నెలల తరబడి ఉంచితే కమాను వెంట్రుకల్ని పురుగు కొరికేస్తుంది. గుర్రపు వెంట్రుకలు కదా, ఉన్నిబట్టలకి పట్టినట్టే పురుగు పడుతుంది. తీగలకి తుప్పు పడుతుంది, తేమకి తీగలు బిగించే బిరడాలు పట్టేసుకుంటాయి. మా మేనత్త వయొలిన్ అటక మీద నుంచి దించినప్పుడు కమానుకి పదో పరకో వెంట్రుకలు వేలాడుతున్నాయి, మిగతాదంతా పెట్టె అడుగున పొడిలా పడి ఉంది. తాతయ్యది అంటున్నావు కాబట్టి చెప్తున్నాను. రోజూ అరగంట బయటికి తీసి వాయించి, కమాను వదులు చేసి పెట్టెలో పెట్టడమే దానికి మంచిది.

నిద్ర పట్టడం లేదని ఒక్క వాక్యంలో రాసి ఊరుకున్నావు. దాన్ని చిన్నదిగా తీసుకోకు. మామూలుగా అయితే పైన చెప్పినట్టు పదిన్నరకి పడుకోవడం మొదలుపెట్టి, ఫోను వేరే గదిలో పెడితే వారం పదిరోజుల్లో సర్దుకుంటుంది. అలా కాకుండా పక్క మీద పడుకుని భయం వేస్తున్నా, అన్నం సయించకపోయినా, ఏదీ వద్దనిపిస్తున్నా, ఆ రాత్రే అమ్మని లేపి చెప్పు. తెల్లారనీ అనుకోకు. ఇంట్లో చెప్పలేకపోతే టెలీమానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టిన ఫోను సేవ ఉంది, నెంబరు 14416. పగలైనా రాత్రైనా చెయ్యొచ్చు, డబ్బు పడదు, తెలుగులో మాట్లాడతారు. మార్కుల టెన్షన్ కోసం కూడా చెయ్యొచ్చా అని సందేహించకు. అలాంటి ఫోన్ల కోసమే వాళ్లు అక్కడ కూర్చున్నది.

అన్నిటికన్నా కష్టమైనది మిగిలింది, మాస్టారికి చెప్పడం. నువ్వుండేది సంగీత కళాశాల 1919లోనే పెట్టుకున్న ఊరు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ పాఠం చెప్పి, ఆ కళాశాలకే ప్రిన్సిపాల్‌గా కూడా చేసిన ఊరు. అలాంటి చోట గురువుగారికి ‘ఈసారి వాయించనండీ’ అనడం ఎంత కష్టమో నాకు తెలుసు. కానీ ఆయన పరీక్షలు రాసే పిల్లల్ని చూడడం నీతోనే మొదలు కాదు. ఏటా ఆయన దగ్గర ఎవరో ఒకరు సెకండియర్‌కి వస్తారు, వాళ్లలో సగం మంది చెప్పకుండా మానేస్తారు. ఒక వారం రారు, రెండో వారం రారు, మూడో వారం తల్లి ఫోను చేసి పరీక్షలండీ అంటుంది. గురువుల్ని బాధపెట్టేది అది. ముందుగా వచ్చి, ‘మాస్టారూ, కొత్త కృతి ఈ ఏడు నావల్ల కాదు. పంచరత్నాల్లో కూర్చుంటాను. మే దాకా వారానికి ఒక్క పాఠానికి వస్తాను, రోజూ అరగంట సాధన చేస్తాను. ఎప్‌సెట్ మర్నాటి నుంచి మీరు ఎంత చెయ్యమంటే అంత చేస్తాను’ అని చెప్పే పిల్ల మీద కోపం రాదు. వచ్చినా ఆ పూటకే.

ఫోనులో చెప్పకు, వాట్సాప్‌లో అసలే వద్దు. ఈ వారం పాఠం రోజున ఒక పావుగంట ముందు వెళ్లు, ఇంకా మిగతా పిల్లలు రాకముందు. అమ్మని తోడు తీసుకెళ్లు, మాటలు మాత్రం నువ్వే మాట్లాడు. వయొలిన్ కూడా పట్టుకెళ్లు. చేతిలో పెట్టె లేకుండా అమ్మతో కలిసి గుమ్మంలో నిలబడితే, మానేస్తున్నామని చెప్పడానికే వచ్చారనుకుంటారాయన.